దామెర్ల రామారావు

గోదావరీ తీరమున రాజమహేంద్రవరమందు 1897వ సంవత్సరమున దామెర్ల రామారావు జన్మించెను. వేసవిలో తేలెడి ఇసుకతిన్నెలు, వానకాలమున ఎఱ్ఱనై పొంగెడి వరద, శరత్తున తేటపడెడి నీరు అతని తొలి పాఠములు. ఆ యూరి కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్‌డ్రే దొర చిత్రకారుడు గూడను. ఆయన బాలుని నేర్పు గుర్తించి ప్రోత్సహించెను. 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరెను.

అచట పాశ్చాత్యుల పద్ధతిని చక్కగా నేర్చెను. కాని దానికి దాసుడు కాలేదు. అజంతా గుహలను దర్శించి మన పూర్వుల రేఖలలోని సొగసును గ్రహించెను. గుజరాతు ప్రాంతమున సంచరించి జనుల జీవనమును చిత్రించెను.

మహానగరమున పేరు, ధనము గడింప వీలున్నను అతడు స్వస్థలమునకే మరలెను. తెలుగునాట చిత్రకళ తనతోనే ఆగిపోరాదని తలచి యువకులను చేరదీసి శిక్షణ నిచ్చెను. తూర్పు కనుమల నడుమ సాగెడి గోదావరి అతని కుంచెలో మరల ప్రవహించెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున అతని ఋష్యశృంగ చిత్రమునకు బహుమానము లభించెను.

ఇంతలో మశూచి సోకి, 1925 ఫిబ్రవరిలో, 28వ యేట అతడు కన్నుమూసెను. మిత్రుడు వరదా వెంకటరత్నము మొదలగువారు ఆ కళాదీపమును ఆరనీయక కాపాడిరి. రాజమహేంద్రవరమున అతని పేర వెలసిన చిత్రశాల అతని చిత్రములను భద్రపఱచుచున్నది. ఆయువు అల్పమైనను కృషి అల్పము కాలేదు.