డీజిల్ ఒక మనిషి పేరు

బంకులో రెండు పంపుల మీద రెండు పేర్లు ఉంటాయి. పెట్రోల్ అన్న మాట రాతినూనె అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. డీజిల్ మాత్రం ఏ నూనె పేరూ కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్. మెకానికల్ వాళ్లకి ఆయన థర్మోడైనమిక్స్‌లో ఒక పీవీ డయాగ్రమ్‌గా పరిచయం. నాలుగు గీతలు గీసి, ఎఫిషియెన్సీ ఫార్ములా రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. ఆ నాలుగు గీతల కోసం ఒక మనిషి ఆరోగ్యాన్నీ, డబ్బునీ, మనశ్శాంతినీ పోగొట్టుకున్నాడని సిలబస్‌లో ఎక్కడా ఉండదు.

నేను ఆయన జీవితం చదవడానికి కారణం మా ఊరి బండి. మాది గద్వాల జిల్లా గట్టు మండలం. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న నడిగడ్డ. పత్తి విత్తనాలైనా పల్లీలైనా మా దగ్గర పండింది ఏదైనా ఊరు దాటాలంటే డీజిల్ పికప్ రావాల్సిందే. మా చిన్నాయనకి అట్లాంటి పాత పికప్ ఒకటుంది. దాని కిరాయి మీదే ఇల్లు నడుస్తుంది. వెనక ఒక ట్రైలర్ తగిలిస్తే రాయచూరు మార్కెట్‌కి ఒకే ట్రిప్పులో ఎక్కువ సరుకు తోలొచ్చని ఆయన ఆశ. ఇంజను కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చి పవర్ పెంచిస్తానని ఒక మెకానిక్ చెప్పాడట. ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, చేయించాలా వద్దా చెప్పమని నన్ను అడిగాడు. జవాబు కోసం వెతుకుతూ పోతే ఆ ఇంజను కనిపెట్టినాయన కథే ఎదురైంది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడోర్ తోలు సామాన్లు చేసే పనివాడు. పెద్ద సంపాదన ఏమీ లేదు. 1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్ కుటుంబాలు రాత్రికి రాత్రి పరాయివాళ్లయిపోయాయి. డీజిల్ వాళ్లు సర్దుకుని లండన్ చేరారు. అక్కడా బతుకు కష్టమై, పన్నెండేళ్ల పిల్లాణ్ని ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కి, బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. చదువు అక్కడ దారిన పడింది. పద్నాలుగేళ్లకే తాను ఇంజనీర్ అవుతానని అమ్మానాన్నలకి ఉత్తరం రాశాడు.

స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ ఆయనకి దొరికిన గురువు కార్ల్ ఫాన్ లిండే, శీతల యంత్రాల్లో పేరు మోసిన శాస్త్రవేత్త. ఆవిరి ఇంజను బొగ్గులోని వేడిలో పదో వంతు మాత్రమే పనిగా మారుస్తుందనీ, మిగతాదంతా గాల్లో కలిసిపోతుందనీ లిండే క్లాసులో చెప్పేవాడు. ఆ లెక్క ఈ కుర్రాడి బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. 1879లో ఫైనల్ పరీక్షల టైముకి టైఫాయిడ్ వచ్చింది. పరీక్ష తప్పిపోయింది. మళ్లీ పరీక్ష పెట్టేదాకా ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి, గొప్ప మార్కులతో పాసయ్యాడు. సప్లీ అంటే చాలు తల దించుకునే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

తర్వాత పదేళ్లు లిండే దగ్గరే ఉద్యోగం. పారిస్‌లో ఐసు యంత్రాలు బిగించడం, రిపేరు చేయడం. 1883లో మార్తాని పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. పగలు ఐసు పని, మిగతా టైమంతా కొత్త ఇంజను పిచ్చి. మొదట ఆవిరికి బదులు అమోనియాతో నడిపిద్దామని చూశాడు. ఆ ప్రయోగంలో ఒకసారి యంత్రం పేలి, నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికొచ్చాక దారి మార్చాడు.

కొత్త ఆలోచన మనకి తెలిసిందే. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం కాలుతుంది కదా, గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. బాగా గట్టిగా ఒత్తితే, అందులో చల్లిన నూనె దానంతటదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. 1892లో పేటెంట్‌కి అర్జీ పెట్టాడు, 1893లో వచ్చింది. అదే ఏడాది పుస్తకమూ వేశాడు.

ఆయనకి ఈ ఇంజను మీద ఇంకో ఆశ ఉండేది. ఆవిరి ఇంజను పెట్టుకోవాలంటే పెద్ద పెట్టుబడి కావాలి. అది షావుకార్లకే సాధ్యం. చిన్న పనివాళ్లు దాని ముందు నిలబడలేక మూతపడుతున్నారు. చిన్నదీ చవకైనదీ అయిన ఇంజను ఉంటే సాలె, కమ్మరి, వడ్రంగి తమ ఇంట్లోనే నిలదొక్కుకోగలరని ఆయన అనుకున్నాడు. తోలుపనివాడి కొడుకు కదా. గద్వాల మగ్గాల కష్టం చూసినవాళ్లకి ఈ మాట వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ అధిపతి హైన్రిక్ ఫాన్ బుజ్, ఉక్కు కంపెనీ క్రుప్ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారు. అక్కడి నుంచి కాగితం మీద లెక్కకీ ఇనుముకీ కొట్లాట మొదలైంది. గాలిని 250 అట్మాస్ఫియర్ల దాకా ఒత్తాలని మొదట్లో లెక్క వేసుకున్నాడు. అంత ఒత్తిడిని ఆనాటి ఇనుము తట్టుకోలేదు. చివరికి నడిచిన ఇంజనులో అది 30 చుట్టుపక్కలకి దిగింది. తన ఇంజనుకి నీళ్ల కూలింగే అవసరం లేదని మొదట్లో అనుకున్నాడు. తర్వాతి ఇంజనుకి సిలిండర్ చుట్టూ నీళ్లు తిప్పక తప్పలేదు. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. ఇంధనం చల్లగానే సిలిండర్‌లో పేలుడు. ఒత్తిడిని కొలిచే పరికరం ముక్కలై పక్కనున్నవాళ్ల మీదుగా ఎగిరిపోయింది. కానీ గాలి వేడికి ఇంధనం అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన శక్తితో తాను నడిచింది, ఒక నిమిషం పాటు.

ఇంకో మూడేళ్లు పట్టింది. ఇంధనాన్ని సిలిండర్‌లోకి సరిగ్గా చల్లడమే అన్నిటికన్నా కష్టమైంది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్స్ ష్రోటర్ అధికారికంగా పరీక్షించాడు. ఎఫిషియెన్సీ 26.2 శాతం. ఆవిరి ఇంజనుకి రెండున్నర రెట్లు. ప్రపంచమంతా తిరిగి చూసింది. అయితే ఆ ఇంజను బోర్ 250, స్ట్రోక్ 400 మిల్లీమీటర్లు. మీరే లెక్క కట్టుకోండి, ఒక్క సిలిండరే 19.6 లీటర్లు. మనిషికన్నా ఎత్తు, టన్నుల బరువు. ఇచ్చింది ఇరవై హార్స్‌పవర్‌లోపే. సాలె ఇంట్లో పట్టే యంత్రం కాదది.

ఇక్కడే డీజిల్ జీవితం మలుపు తిరిగింది. లైసెన్సుల కోసం అన్ని దేశాల కంపెనీలూ క్యూ కట్టాయి. అమెరికా హక్కులు అడాల్ఫస్ బుష్ కొన్నాడు. డీజిల్ కోటీశ్వరుడయ్యాడు. కానీ ల్యాబ్‌లో నిపుణుల చేతుల్లో నడిచిన ఇంజను వేరు, ఫ్యాక్టరీలో పొద్దంతా నడవాల్సిన ఇంజను వేరు. 1898లో కెంప్టెన్‌లోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లిన 60 హార్స్‌పవర్ ఇంజను మాటిమాటికీ మొరాయించింది. ఇంజన్లు వాపసొచ్చాయి. ఆగ్స్‌బర్గ్‌లో ఆయన పేరు మీద పెట్టిన కొత్త ఫ్యాక్టరీ నిలబడలేదు. అదే ఏడాది ఆయన మనసూ ఒళ్లూ కుప్పకూలి శానిటోరియంలో చేరాడు. ఆగ్స్‌బర్గ్ పాత ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఓపిగ్గా ఏళ్ల తరబడి పంపు, వాల్వు, కంప్రెసర్ ఒక్కొక్కటే సరిచేస్తూ పోయాకే ఆ ఇంజను నమ్మదగ్గదయింది.

మా చిన్నాయన ప్రశ్నకి నాకు జవాబు దొరికింది ఇక్కడే. పవర్ చూపించడం ఒక పని, ఆ పవర్‌ని రోజంతా మోయడం ఇంకో పని.

ఖాళీ పికప్‌లో మనం ఫుల్ యాక్సిలరేటర్ తొక్కేది కొన్ని సెకన్లే. ట్రైలర్ ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు నిమిషాల తరబడి తొక్కాలి. సెట్టింగ్ మార్చడమంటే ఎక్కువ డీజిల్ చల్లి, టర్బోతో ఎక్కువ గాలి నెట్టడమే. ఆ వేడి పిస్టన్ మీద, హెడ్ గ్యాస్కెట్ మీద, టర్బో మీద పడుతుంది. ఎక్కువైన టార్క్ పాత క్లచ్‌ని జారుస్తుంది. సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తే బలం వచ్చిందని మురిసిపోతారు. నిజానికి అది సరిగ్గా కాలని డీజిల్, అంటే కాలిపోతున్న డబ్బు. అందుకే ముందు రేడియేటర్ శుభ్రంగా ఉందా, కూలెంట్ సరిగ్గా ఉందా, ఫ్యాన్ బెల్టు బిగువు ఎట్లా ఉంది చూడాలి. డీజిల్ ఫిల్టర్ టైముకి మార్చాలి, అందులో చేరిన నీళ్లు తీసేయాలి. ఇప్పటి ఇంజెక్టర్లు వెయ్యి బార్లకి పైన ఒత్తిడితో పనిచేస్తాయి, నీటిచుక్కా దుమ్మూ వాటికి విషం. బరువు లాగి ఆగిన వెంటనే ఇంజను ఆపేయకుండా ఒకట్రెండు నిమిషాలు ఊరికే తిరగనిస్తే టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడిపోదు. ఇంజనాయిల్, గేరాయిల్ కూడా మామూలుకన్నా ముందే మార్చుకోవాలి.

లాగడం కన్నా ఆపడం పెద్ద సమస్య. సరుకుతో పికప్ 3 టన్నులు, ట్రైలర్ ఒకటిన్నర టన్ను అనుకుందాం. 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 625 కిలోజౌల్స్. అదే బండి 300 మీటర్ల ఎత్తు దిగితే 13 వేల కిలోజౌల్స్ పైనే, అంటే ఇరవైసార్లు ఆపినంత వేడి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగినవాళ్లకి కాలిన బ్రేకుల వాసన తెలుసు. పైగా డీజిల్ ఇంజనుకి పెట్రోల్ ఇంజనులా గాలిని బిగబట్టే థ్రాటిల్‌తో పనిలేదు. కాబట్టి కాలు తీసేస్తే బండిని పట్టి ఆపే బలం తక్కువ. లారీలకి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టేది అందుకే. ట్రైలర్‌కి దాని సొంత బ్రేకులుండాలి. హుక్కు బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి బిగించాలి. ట్రైలర్ బరువులో పదో వంతు దాకా హుక్కు మీద పడేట్టు సరుకు ముందువైపు సర్దాలి. వెనక బరువెక్కువైతే ట్రైలర్ తోక ఊపినట్టు ఊగి, బండినే పడేస్తుంది. బండి కంపెనీ ఎంత లాగొచ్చని రాసిందో అంతకు మించకూడదు, లాగొద్దని రాస్తే లాగకూడదు. చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇదంతా చెప్పాక చిన్నాయన సెట్టింగ్ సంగతి పక్కనపెట్టి, రేడియేటర్, క్లచ్, బ్రేకుల ఖర్చు లెక్కేయడం మొదలుపెట్టాడు. ఆ లెక్క తేలాకే ట్రైలర్.

మళ్లీ డీజిల్ దగ్గరికి. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఇంజనుకి గ్రాండ్ ప్రీ వచ్చింది. తను పుట్టి, తరిమివేయబడ్డ ఊళ్లోనే. అక్కడ ఒక చిన్న డీజిల్ ఇంజను పల్లి నూనెతో నడిచింది. చూసినవాళ్లలో చాలామందికి ఆ తేడానే తెలియలేదు. రైతు తన పంట నూనెతోనే తన ఇంజను నడుపుకునే రోజొస్తుందని డీజిల్ తర్వాత నమ్మకంగా చెప్పాడు. వనపర్తి పల్లి మార్కెట్ చూస్తే ఆయన సంబరపడేవాడేమో! కానీ ఇప్పటి పికప్‌లో పల్లి నూనె పోయకండి. దాని చిక్కదనానికి ఇంజెక్టర్లు పూడుకుపోతాయి.

పేరొచ్చింది కానీ డబ్బు నిలవలేదు. భూముల మీద, నూనె బావుల మీద పెట్టినదంతా మునిగింది. మ్యూనిక్‌లో కట్టిన పెద్ద భవంతి, పేటెంట్ కేసులు ఉన్నదాన్ని తినేశాయి. 1903లో సమాజం ఎట్లా ఉండాలో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. ఇంజను కన్నా అదే గొప్పదని ఆయన నమ్మకం. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1912లో సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రాలు దాటుతుంటే, ఆయన అప్పుల్లో మునిగి ఉన్నాడు.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కాడు. ఇంగ్లండ్‌లో ఒక మీటింగ్ ఉంది. స్నేహితులతో భోంచేసి, పొద్దున్నే లేపమని చెప్పి క్యాబిన్‌కి వెళ్లాడు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు. టోపీ, కోటు డెక్ మీద దొరికాయి. పది రోజుల తర్వాత ఒక డచ్ పడవకి సముద్రంలో శవం కనబడింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని, శవాన్ని మళ్లీ సముద్రానికే వదిలేశారు. ఆ వస్తువులు నాన్నవేనని కొడుకు ఆయిగెన్ గుర్తుపట్టాడు. వయసు 55. ఆత్మహత్యా, ప్రమాదమా, ఇంకేమైనానా ఈనాటికీ తేలలేదు.

ఆయన కోరుకున్న చిన్న ఇంజను ఆయన పోయాకే వచ్చింది. ఆ కాలంలో ఇంధనాన్ని చల్లడానికి బండంత కంప్రెసర్ కావాల్సి వచ్చేది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపుని పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక ఆ బరువు పోయి, లారీల్లోకీ ట్రాక్టర్లలోకీ డీజిల్ చేరింది. స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంట్ తీసుకున్న టర్బో ఇప్పుడు చాలా డీజిల్ పికప్‌లలో ఉంది. 19.6 లీటర్ల సిలిండర్ ఇరవై హార్స్‌పవర్‌లోపు ఇచ్చిన చోట, రెండున్నర లీటర్ల ఇంజను 70 పైన ఇస్తోంది.

ఇంజను ఒక్కడి పేరు మీద ఉంది కానీ దాన్ని నమ్మకమైనదిగా చేసింది వందలమంది ఓపిక. ఆ ఓపికలో చివరి వంతు, ఫిల్టర్ మార్చి, ఆయిల్ చూసి, బ్రేకు తడిమి బండి తీసే డ్రైవర్‌ది. సొంత బండితో, సొంత రెక్కలతో బతికే చిన్న మనిషి కోసం డీజిల్ ఆ ఇంజను తలపెట్టాడు. అట్లాంటివాళ్లు మా గట్టులో ప్రతి వీధిలో ఉన్నారు.