కలువకొలను చిత్రకారుడు క్లాడ్ మోనే

చీకటిశాలలో నాలుగు గోడలమీద, నేలమీద సైతం, వర్ణచిత్రాలు వెలుగురూపంలో ప్రవహించే ప్రదర్శనలు ఈ కాలంలో దేశదేశాల ప్రజలను ఆకర్షిస్తున్నవి. పదుల సంఖ్యలో ప్రొజెక్టర్లు చిత్రాన్ని ముక్కలుగా గోడలపై పరచగా, కంప్యూటరు ఆ ముక్కలను అతుకు కనబడకుండా కలుపుతుంది, సంగీతం తోడవుతుంది. ప్యారిస్ నగరంలో పూర్వం ఇనుపపోత కర్మాగారంగా ఉండిన భవనమొకటి 2018లో ఇట్టి వెలుగులశాలగా మారినది. 2020లో అక్కడి గోడలను నింపిన చిత్రాలలో క్లాడ్ మోనేవి కూడ ఉన్నవి. స్నేహితుని వెంటబెట్టుకొని అట్టి శాలకు పోయినవారు ఆ వింతను యంత్రయుగపు సొత్తుగా భావించడం సహజం. కాని చూచేవాడు చిత్రానికి ఎదుట కాక చిత్రం నడుమ నిలువవలెనన్న సంకల్పాన్ని నూరేండ్ల క్రిందటనే మోనే తన వార్ధక్యంలో, కన్నులు మసకబారుతున్న దినాలలో, చేపట్టినాడు. ఆ పని పూర్తి అయ్యేదాకా ఆయనను విడువక వెంటనంటి ఉన్నవాడు ఒక స్నేహితుడు.

మోనే 1840 నవంబరు 14వ తేదీన ప్యారిస్‌లో జన్మించినాడు. ఆయనకు అయిదేండ్ల ప్రాయంలో కుటుంబం సముద్రతీరాన ఉన్న లె హావ్ర్ రేవుపట్టణానికి తరలిపోయినది. చదువుమీద శ్రద్ధ తక్కువ. ఊరిలోని పెద్దమనుషులకు వికటచిత్రాలు గీసి, వాటిని అమ్మి, చిన్నతనంలోనే చేతినిండ డబ్బు చేసుకొన్నాడు. అదే దారిలో సాగిపోయి ఉంటే ఈనాడు ఆ పేరు ఎవరికిని తెలిసి ఉండదు. యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడు ఆ కుర్రవానిని గదిలోనుండి బయటికి లాగి, సముద్రం ఎదుట, ఆకాశం క్రింద నిలబెట్టి చిత్రించడం నేర్పినాడు. గురువు శిష్యునికి ఇచ్చినది రంగులు కలిపే మెలకువకన్న గొప్పది: గడియగడియకు మారే వెలుతురును గమనించే అలవాటు.

తరువాతి కథ చాలమందికి తెలిసినదే. అల్జీరియాలో కొంతకాలం సైనికోద్యోగం, జబ్బుతో తిరిగిరావడం, ప్యారిస్‌లో రెన్వార్, సిస్లే, బజీల్ వంటి యువకుల సాహచర్యం, ప్రభుత్వ ప్రదర్శనశాలవారి తిరస్కారాలు, అప్పులు. 1874లో ఈ మిత్రబృందం ఒక ఛాయాగ్రాహకుని పాతశాలలో సొంతంగా ప్రదర్శన పెట్టినప్పుడు, లె హావ్ర్ రేవులో సూర్యోదయాన్ని చూపిన మోనే చిత్రం పేరునుబట్టి ఒక పత్రికారచయిత ఎగతాళిగా పెట్టిన పేరే ఇంప్రెషనిజం. వెక్కిరింతగా పుట్టిన మాట శాస్త్రగ్రంథాలలోకి ఎక్కినది. 1879లో భార్య కామిల్ ముప్పది రెండేండ్లకే మరణించినది. ఆమె విగతప్రాణయై పడి ఉండగా ఆ ముఖంమీద వ్యాపించిన నీలిఛాయలను సైతం మోనే కుంచె వదలలేదు. ఇది కఠినహృదయమని కొందరనవచ్చును. కంటికి పట్టిన అలవాటు దుఃఖంలోనూ మనిషిని వదలదనడమే న్యాయమని తోస్తుంది.

1883లో ఆయన ప్యారిస్‌కు దూరంగా జివెర్నీ అనే పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకొన్నాడు. 1890లో దానిని కొన్నాడు. గడ్డివాములను, రువాన్ నగరంలోని ప్రార్థనాలయాన్ని వేరువేరు వేళలలో మళ్ళీమళ్ళీ చిత్రించి కీర్తిని, ధనాన్ని సంపాదించినది ఈ కాలంలోనే. ఆ ప్రార్థనాలయ చిత్రాలు 1895లో ప్రదర్శితమైనప్పుడు వాటిని మెచ్చుతూ పత్రికలో దీర్ఘవ్యాసం వ్రాసినవాడు జార్జి క్లెమెన్సో. చదివినది వైద్యం, చేసినది రాజకీయం. పులి అని బిరుదు పొందిన ఉగ్రస్వభావుడు. మోనేకన్న ఒక్క ఏడాది చిన్న. వీరి మైత్రి మోనే తుదిశ్వాసదాకా నిలిచినది.

1893లో ఇంటిదాపున నేల కొని, వాగునీటిని మళ్ళించి, మోనే ఒక కొలనును తవ్వించినాడు. ఈ పరదేశపు మొక్కలవల్ల నీరు చెడుతుందని పల్లెవారు అభ్యంతరం చెప్పినారు; చిత్రకారుడు అధికారులతో వాదించి అనుమతి సంపాదించినాడు. ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక మాట. ఆయన పెంచినవి తామరలు కావు, కలువలు. తామరాకు నీటిని విడిచి పైకి లేస్తుంది. కలువాకు నీటిమీదనే పరచుకొంటుంది. ఆ భేదం లేకుంటే ఆ చిత్రాలే లేవు, ఆకుల మధ్యనున్న నీటిలో ఆకాశం ప్రతిఫలించడమే వాటి విషయం గనుక. మన కవులు కలువను చంద్రునికి ముడిపెట్టినారు గాని, జివెర్నీ కలువలు పగలు విచ్చుకొని సాయంకాలానికి ముడుచుకొనే జాతివి.

1911లో రెండవ భార్య అలీస్ మరణించినది. 1912లో రెండు కన్నులకును శుక్లాలు కమ్ముతున్నవని వైద్యులు తేల్చినారు. 1914లో పెద్దకుమారుడు జాన్ పోయినాడు. డెబ్బదిమూడేండ్ల వృద్ధుడు కుంచెను ఇంచుమించు వదలివేసినాడు. అప్పుడు క్లెమెన్సో జివెర్నీకి వచ్చి, ఎన్నడో తలపెట్టి మానివేసిన కలువల అలంకరణకు పూనుకొమ్మని ఒత్తిడి చేసినాడు. ఓదార్పుమాటలకన్న పని గొప్పమందని ఆ వైద్యునికి తెలుసు. మోనే లేచినాడు. నిలువెత్తు ఫలకాలకు చాలేటంత పెద్ద కర్మశాలను కట్టించి, చక్రాల పీఠాలమీద ఫలకాలను నిలిపి, ప్రపంచయుద్ధం సాగినంతకాలమూ ఆ నీటినే చిత్రించినాడు. సైన్యంలో చేరిన రెండవకొడుకు క్షేమవార్తకై ఎదురుచూస్తూనే ఈ పని సాగినది.

1918 నవంబరు 11వ తేదీన యుద్ధం ముగిసినది. అప్పటికి ప్రధానమంత్రి క్లెమెన్సోయే. మరునాడే మోనే విజయచిహ్నంగా రెండు ఫలకాలను దేశానికి సమర్పిస్తానని ఆయనకు జాబు వ్రాసినాడు. కొద్దిదినాలలోనే క్లెమెన్సో జివెర్నీకి వచ్చినాడు. రెండు ఫలకాల కానుక క్రమంగా పెరిగి రెండు గదుల కానుక అయినది. 1922 ఏప్రిలులో ఒప్పందం వ్రాసుకొన్నారు. రెండేండ్లలో చిత్రాలు అప్పగించవలెనని గడువు.

కాని కన్నులు గడువును లెక్కచేయలేదు. శుక్లం ముదిరినకొలది కంటిలోని కటకం పసుపుబారి నీలివర్ణాన్ని అడ్డగిస్తుంది. లోకమంతా గోధుమఛాయలో మునుగుతుంది. రంగుగొట్టాలమీది చీటీలను నమ్ముకొని, పలకమీద రంగులను ఎప్పుడూ ఒకే వరుసలో ఉంచుకొని ఆయన పని చేసినాడు. శస్త్రచికిత్స అంటే భయం. చూపు మొత్తంగా పోతుందేమోనని. క్లెమెన్సో బ్రతిమాలి, కసిరి ఒప్పించగా, 1923లో కూతెలా అనే వైద్యుడు కుడికన్నుకు చికిత్స చేసినాడు. దినాలతరబడి కదలక పడుకొని ఉండడం ఆ ముక్కోపికి నరకమైనది. తీరా కట్లు విప్పినాక లోకమంతా నీలంగా కనబడసాగినది. ఆయన కోపం చిత్రాలమీద పడి కొన్ని ధ్వంసమైనవి. 1925 ఆరంభంలో కానుకను ఇవ్వలేనని, మాటను వెనుకకు తీసుకొంటానని ప్రభుత్వానికి తెలిపినాడు. క్లెమెన్సో మండిపడినాడు. ఎంతటి వృద్ధుడైనను, ఎంతటి కళాకారుడైనను, ఇచ్చినమాట తప్పరాదని నిష్ఠురంగా వ్రాసి, స్నేహమే తెంచుకొంటానన్నంతదాకా పోయినాడు. నలుబదియేండ్లకు పైబడి రాజకీయాలలో శత్రువులను తుదముట్టించినవాడు తన ఆప్తమిత్రునిపై ఎత్తిన కత్తి ఇదొక్కటే. అది పనిచేసినది. ఆ ఏడాదే రంగుకళ్ళద్దాల సాయంతో మోనేకు వర్ణాలు మళ్ళీ చక్కబడినవి. తిరిగి చిత్రాల ముందు నిలిచినాడు. అయినను ప్రాణమున్నంతవరకు ఒక్క ఫలకాన్నీ ఇల్లు కదలనీయలేదు.

1926 డిసెంబరు 5వ తేదీన ఎనుబదియారవ ఏట మోనే కన్నుమూసినాడు. శవపేటికమీద నల్లగుడ్డ కప్పి ఉండగా క్లెమెన్సో దానిని లాగివేసి పూలగుడ్డ ఒకటి కప్పించినాడని చెప్పుకొంటారు.

ఆ తరువాతనే ఫలకాలు ప్యారిస్ చేరినవి. రాచతోటలోని నారింజచెట్లను చలినుండి కాపాడుటకు 1852లో కట్టిన ఒరాంజెరీ అనే భవనంలో, రెండు అండాకారపు గదులలో, వాటిని గోడలకే అంటించినారు. ఎనిమిది చిత్రాలు, ఎత్తు సుమారు రెండు మీటర్లు, అన్నిటి పొడవు కలిపి సుమారు 91 మీటర్లు. గోడ వంగి ఉండుటచేత మూల అనేది లేదు. చిత్రానికి మొదలు తుది కనబడవు. గట్టు లేదు, దిక్కు లేదు. ముందుగా బొమ్మలు లేని తెల్లని నడవ ఒకటి దాటవలెను. వీధిలోని సందడి అక్కడ వదలిపోవలెనని మోనే ఉద్దేశం. చుట్టుగోడను నింపే వలయచిత్రాలు 18వ శతాబ్దం చివరినుండియే ఐరోపాలో ఉన్నమాట నిజమే. అవి యుద్ధరంగాలను, నగరాలను చూపి ప్రేక్షకుని భ్రమింపజేసేవి. మోనే భ్రమింపజేయలేదు. దగ్గరికి పోతే కనబడేది పూసిన రంగే; వెనుకకు జరిగితే అదే నీరవుతుంది. నేటి వెలుగులశాలలో బొమ్మ కదులుతుంది, మనిషి నిలబడి చూస్తాడు. ఒరాంజెరీలో బొమ్మ నిలిచి ఉంటుంది, మనిషి నడవవలెను. పైకప్పునుండి పగటివెలుతురు వడగట్టుకొని దిగేటట్లు ఏర్పాటు చేసినందున, మబ్బు పట్టితే కొలనుకును మబ్బు పడుతుంది.

1927 మే 17వ తేదీన ఆ గదులు తెరచినారు. వచ్చినవారు స్వల్పం. ముసలివాని చాదస్తమని కళాలోకం పెదవి విరిచినది. 1928లో క్లెమెన్సో మిత్రుని చిత్రాలపై పుస్తకం వ్రాసి, మరుసటి ఏట మరణించినాడు. 1944 ఆగస్టులో నగరవిమోచన పోరాటంలో గుండ్లుపడి కొన్ని ఫలకాలు దెబ్బతిన్నవి. 1950 తరువాత అమెరికాలోని చిత్రకారులు ఈ పెద్దఫలకాలను గురువులుగా భావించడంతో లోకం దృష్టి మళ్ళినది. అంతలో 1960 దశకంలో, మరొక చిత్రసంచయానికి చోటు చేయుటకై, ఈ గదుల నెత్తిన ఇంకొక అంతస్తు కట్టినారు. పగటివెలుతురు మూసుకుపోయినది; కలువలు విద్యుద్దీపాల పాలైనవి. నలుబదియేండ్లు అట్లే గడిచినవి. 2000లో మొదలైన మరమ్మతులో ఆ అంతస్తును తొలగించి, రెండవ సంచయాన్ని భూగర్భంలోకి దించినారు. 2006 మే నెలలో తలుపులు మళ్ళీ తెరచినప్పుడు కొలనుమీద ఎండ పడుతున్నది.