జయంతనాథ్ చౌదరి

జనరల్ జయంతనాథ్ చౌదరి (జూన్ 10, 1908 - ఏప్రిల్ 6, 1983) 1962 నుండి 1966 వరకు భారత సైన్యాధిపతి. 1948లో హైదరాబాదు సంస్థానంపై జరిగిన పోలీసు చర్యలో ప్రధాన దళాన్ని నడిపి, తరువాత సంస్థానానికి మిలటరీ గవర్నరుగా పనిచేశాడు.

తొలి జీవితం

ఇతడు బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది 1928లో సైన్యంలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలోను, ఆ పిమ్మట 16వ లైట్ కావల్రీ దళాధిపతిగా బర్మాలోను పోరాడాడు.

నల్‌దుర్గ్ నుండి హైదరాబాదు వరకు

1948 సెప్టెంబర్ 13న చౌదరి నాయకత్వంలోని ఒకటవ ఆర్మర్డ్ డివిజను షోలాపూరు వైపు నుండి సంస్థానంలో ప్రవేశించింది. దారిలో మొదటి అడ్డంకి నల్‌దుర్గ్ పట్టణం. అక్కడ బోరీ నదిపై ఉన్న వంతెన కూలితే ట్యాంకుల ప్రయాణం ఆగిపోయేది. నిజాం సైనికులు దానిని పేల్చివేయకముందే సిక్కు పటాలం స్వాధీనం చేసుకున్నది. నిజాం సైన్యానికి సరితూగే ట్యాంకులు లేనందున ఇది సమ ఉజ్జీల పోరు కాదు. తూర్పున విజయవాడ నుండి బయలుదేరిన మరొక దళం సూర్యాపేట మీదుగా సాగింది. వెనుదిరిగిన నిజాం సైన్యం అక్కడ మూసీ వంతెనను కూల్చివేసింది. సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

మిలటరీ గవర్నరు

అసలు కష్టం ఆ తరువాత మొదలైనది. మరఠ్వాడా, కర్ణాటక ప్రాంతపు జిల్లాలలో ముస్లింలపై దారుణమైన హత్యాకాండ జరిగింది. పండిట్ సుందర్‌లాల్ సంఘం మృతుల సంఖ్యను 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటకు రాలేదు.

నల్గొండ, వరంగల్ జిల్లాలలో పరిస్థితి వేరు. అప్పటి వరంగల్ జిల్లాలో నేటి ఖమ్మం ప్రాంతం కూడా కలిసి ఉండేది. రజాకార్లతో పోరాడిన కమ్యూనిస్టు దళాలు ఆయుధాలు వదలకపోవడంతో సైన్యం వారిపైకి మళ్ళింది. దళాలు గోదావరి అడవులలోకి తప్పుకున్నాయి. రాజధానిని ఐదు రోజులలో లొంగదీసిన ట్యాంకులకు ఆ అడవులలో పనిలేకపోయింది. 1949లో జాగీర్ల రద్దు చట్టం చౌదరి హయాంలోనే వచ్చింది. అయినా అతడు అదే సంవత్సరం చివర పదవి వీడే నాటికి పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో గాని కమ్యూనిస్టు పార్టీ దానిని విరమించలేదు.

1965 యుద్ధం

చైనా యుద్ధంలో ఎదురుదెబ్బ తగిలిన దశలో ఇతడు సైన్యాధిపతి అయ్యాడు. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు పంజాబులోని ఖేమ్‌కరణ్ పట్టణాన్ని ఆక్రమించాయి. సమీపంలోని అసల్ ఉత్తర్ వద్ద నీటితో నింపిన చెరకు పొలాలలో అవి చిక్కుకొని భారీగా దెబ్బతిన్నాయి. ఆ సమయంలో బియాస్ నది వెనుకకు తగ్గమని చౌదరి సూచించగా తాను అంగీకరించలేదని పశ్చిమ సేనాని హర్బక్ష్ సింగ్ తరువాత తన గ్రంథంలో తెలిపాడు. దీనిపై వివాదం ముగియలేదు.

పదవీ విరమణ అనంతరం చౌదరి కెనడాలో భారత హైకమిషనరుగా పనిచేశాడు. ఇతడు పద్మవిభూషణ్ గ్రహీత.