నర్సు వేషంలో సావిత్రి

సంక్రాంతి సెలవుల్లో ఏటికొప్పాకలో అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో ‘చివరకు మిగిలేది’ చూశా. 1960 సినిమా. బుచ్చిబాబు నవల అనుకుని పెట్టా, కాదట. బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’కి రీమేక్. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. కథ ఎంతకీ కదలదు. పక్కింట్లో లక్కబొమ్మలు చేసే మిషన్ చప్పుడే నయమనిపించింది.

కానీ సావిత్రి కోసం ఆపలేకపోయా.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోతే విజయవాడలో పెదనాన్న ఇంట పెరిగింది. 1950లో ‘సంసారం’లో అక్కినేని పక్కన వేషం వచ్చింది గానీ, ఆయన్ని చూసి బెదిరిపోవడంతో తీసేశారు. ‘పాతాళభైరవి’లో ఒక డాన్స్ దక్కింది. తర్వాత ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’... అవి మీకు తెలిసినవే.

ఇందులో ఆవిడ డ్యూటీయే నటించడం. మతి చలించిన పేషెంట్‌ని ప్రేమిస్తున్నట్టు నమ్మించి బాగుచేయాలి. నమ్మిస్తూ నమ్మిస్తూ నిజంగానే ప్రేమిస్తుంది. అతను కోలుకుని వెళ్లిపోతాడు. అంటే నటిస్తున్న మనిషిని నటించాలి, అది ఎక్కడ ఆగి నిజమైందో డైలాగ్ లేకుండా మనకి తెలియాలి. తెలుస్తుంది! ఒకప్పుడు హీరో ముందు బెదిరిన అమ్మాయేనా ఈవిడ?

ఆఖరికి ఆ నర్సే పేషెంట్ అవుతుంది. సావిత్రి కూడా ఏడాదికి పైగా కోమాలో ఉండి, 1981 డిసెంబర్ 26న మద్రాసులో పోయింది. అది గుర్తొచ్చిందేమో, చివరి సీన్ రాకముందే అమ్మమ్మ వంటింట్లోకి లేచి వెళ్లిపోయింది. నేను రెండుసార్లు చూశా.