డేనియల్ ఓకానెల్

మన బరంపురమున జన్మించిన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు వెళ్ళిరనియు, పిమ్మట 1969లో భారత రాష్ట్రపతి యైరనియు విద్యార్థులెరుగుదురు. ఆ నగరపు ప్రధానవీధి మొదట 1882వ సంవత్సరమునుండి ఒక న్యాయవాది విగ్రహము నిలిచియున్నది. 1924లో ఆ వీధికి అతని పేరే పెట్టిరి. అతడే డేనియల్ ఓకానెల్.

ఓకానెల్ 1775 ఆగస్టు 6వ తేదీన కెర్రీ మండలమున ఒక కాథలిక్కు కుటుంబమునందు జన్మించెను. నాటి ఆచారము ననుసరించి శిశువును ఒక పసులకాపరి యింట పెంపునకిచ్చిరి. ఆ యింటివారి భాష ఐరిష్. బాలుని నాలుకపై మొదట నాడిన భాషయు నదియే. ఈ సంగతితో మనకు ముందు పనియున్నది.

ఐర్లండు ప్రజలలో అత్యధికులు కాథలిక్కులు. పాలకులైన బ్రిటిషువారు ప్రొటెస్టెంట్లు. కాథలిక్కు పార్లమెంటున కూర్చుండరాదు, న్యాయమూర్తి కారాదు. స్వదేశమున తగిన చదువు దుర్లభమగుటచే పెదతండ్రి ఓకానెల్‌ను ఫ్రాన్సుకు పంపెను. అచ్చట విప్లవము చెలరేగగా 1793లో చదువు విడిచి పారిపోవలసి వచ్చెను. 1798లో అతడు న్యాయవాది యైన యేటనే ఐర్లండున తిరుగుబాటు రేగి, వేలకొలది జనము మడిసిరి. 1801 జనవరి 1వ తేదీనుండి డబ్లిన్ పార్లమెంటు రద్దై, ఆ దేశము లండను పార్లమెంటునకు లోబడెను. రక్తపాతము వలన దేశమునకు మేలు కలుగదని ఓకానెల్ నిశ్చయించుకొనెను. అట్టివాడే 1815లో ద్వంద్వయుద్ధమున డెస్టెర్ అనువానిని తుపాకితో కాల్చి చంపెను! ఆ పశ్చాత్తాపము అతనిని కడవరకు వీడలేదు. మృతుని కుమార్తెకు ఏటేట ధనమిచ్చుచుండెను.

1823లో అతడు కాథలిక్కు సంఘమును స్థాపించెను. సంవత్సరమునకు ఒక గినీ చందా. పేదలకు అది అందని పండు. మరుసటి యేట నెలకొక పెన్నీ యిచ్చినను చాలునని మార్పు చేసిరి. పెన్నీ యనగా నాడు పౌనులో 240వ వంతు. ఆదివారము ప్రార్థన ముగిసిన పిమ్మట చర్చి వాకిళ్ళయొద్ద దానిని వసూలు చేసెడివారు. పెన్నీ యిచ్చిన కౌలుదారునకు సంఘము తనదను భావము కలిగెను. నా దృష్టిలో ఓకానెల్ చేసిన పనులన్నింటిలో ఇదియే గొప్పది.

1828లో క్లేర్ మండలపు ఎన్నికయందు అతడు స్వయముగా నిలిచెను. కాథలిక్కు పోటీచేయుటను చట్టము నిషేధింపలేదు, సభలో కూర్చుండుటనే నిషేధించెను! నాడు రహస్యపు ఓటు లేదు. భూస్వామి ఎదుటనే నోరువిప్పి పేరు చెప్పవలెను. అయినను కౌలుదారులు జంకలేదు. ఓకానెల్‌కు 2,057, ప్రత్యర్థికి 982 ఓట్లు వచ్చెను. అంతర్యుద్ధము రేగునేమోయని వెరచి బ్రిటిషు ప్రభుత్వము 1829 ఏప్రిల్‌లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరచెను. కాని అదే సమయమున ఓటుహక్కునకు కావలసిన ఆస్తివిలువను 40 షిల్లింగులనుండి 10 పౌనులకు పెంచెను. ఏ పేదలు అతనిని గెలిపించిరో ఆ పేదలే ఓటు కోలుపోయిరి.

పిదప ఐరిష్ పార్లమెంటును పునరుద్ధరింపవలెనని ఓకానెల్ ఉద్యమించెను. 1843లో జరిగిన మహాసభలకు లక్షలు చేరిరి. అక్టోబరు 8న క్లాంటార్ఫ్‌లో సభ యనగా ముందునాడు ప్రభుత్వము నిషేధించి సైన్యమును దింపెను. ఓకానెల్ సభను విరమించి, దారిలోనున్న జనమును మరలించుటకు గుఱ్ఱపురౌతులను పంపెను. యువకులు దానిని పిరికితనమనుకొనిరి. ఆ రాత్రి ఎన్ని ప్రాణములు దక్కెనో లెక్కించినవారు లేరు.

ఇక భాష విషయము. ఆ మహాసభలలో అతడు ప్రసంగించినది ప్రధానముగా ఆంగ్లముననే. వ్యవహారమునకు ఆంగ్లమే ఉపయోగకరమనియు, ఐరిష్ క్షీణించుటకు తనకు చింతలేదనియు అతని యభిప్రాయము. తెలుగు చదివి ప్రయోజనమేమి యని అడుగు తల్లిదండ్రులకు ఓకానెల్ కథ చెప్పుటకు నేను కొంత జంకుదును. అతడు వారి పక్షముననే మాట్లాడియుండెడివాడు! అంతటివాడును ఇందు పొరబడెనని నా తలంపు. 1851 జనాభా లెక్కలనాటికి ఐరిష్ తెలిసినవారు నలుగురిలో ఒకరికంటె తక్కువ.

అందుకు కరవును ఒక కారణము. 1845నుండి బంగాళాదుంప పైరుకు తెగులు సోకి, కొన్ని యేండ్లలో సుమారు పదిలక్షలమంది మరణించిరి. ఐరిష్ మాట్లాడు పశ్చిమ మండలములే మిక్కిలి నష్టపోయెను. 1847 ఫిబ్రవరిలో ఓకానెల్ లండను పార్లమెంటున లేచి తన ప్రజలను కాపాడుడని వేడుకొనెను. బహిరంగసభలలో వేలమందికి వినిపించిన ఆ కంఠము నాడు దగ్గర కూర్చున్న సభ్యులకే సరిగా వినరాలేదు. పిమ్మట రోముయాత్రకు బయలుదేరి, త్రోవలో ఇటలీలోని జెనోవా నగరమున మే 15వ తేదీన కన్నుమూసెను. అతని కోరిక ప్రకారము హృదయమును రోమునకు కొనిపోయిరి. దేహమును డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్ శ్మశానమునకు తెచ్చిరి.