ఎన్‌క్రుమా - కోకో రైతు

మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేస్తున్న కోకో, ఆఫ్రికాలోని ఘనా రైతాంగానికి జీవనాధారం. ఆ దేశ విమోచన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా జీవితాన్ని ఆ రైతు వైపునుంచి చూద్దామని మా ఉద్దేశం.

1909లో ఎన్‌క్రోఫుల్ గ్రామంలో కంసాలి ఇంట పుట్టారు. కొన్నాళ్లు పంతులుగా పనిచేసి, 1935లో పైచదువులకు అమెరికా వెళ్లారు. ఆయన అక్కడుండగానే స్వదేశంలో ఓ పెద్ద పోరాటం జరిగింది. ఘనాను అప్పట్లో గోల్డ్‌కోస్ట్ అనేవారు. 1937లో యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ, క్యాడ్‌బరీ మొదలైన తెల్ల కంపెనీలు ఒకరిమీద ఒకరు పాట పెంచకుండా కోకో కొందామని కూడబలుక్కున్నాయి. స్వేచ్ఛా వ్యాపారం గురించి లోకానికి పాఠాలు చెప్పింది ఈ దొరలే సుమా! రైతులు గింజ అమ్మలేదు, సీమసరుకు కొనలేదు. నెలల తరబడి బిగబట్టారు. 1938 ఏప్రిల్‌కు కంపెనీలే దిగిరావలసి వచ్చింది.

ఎన్‌క్రుమా 1947లో తిరిగొచ్చేసరికి రైతు మళ్లీ మండిపోతున్నాడు. తెగులు సోకిందని ప్రభుత్వం కోకో చెట్లను నరికిస్తోంది. 1948 ఫిబ్రవరి 28న ఆక్రాలో మాజీ సైనికుల ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. మరుసటేడు ఆయన సొంత పార్టీ పెట్టారు, ఆ తర్వాత 1950లో జైలుకెళ్లారు. 1951 ఎన్నికల్లో జైల్లోంచే గెలిచి ప్రభుత్వ పగ్గాలు చేపట్టారు. 1957 మార్చి 6న దేశం స్వతంత్రమయింది.

ఇక్కడ ఒక చేదునిజం చెప్పకపోతే రైతుకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. కోకోను ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు ఒక్కటే కొనేది. 1954లో ప్రపంచ ధర ఆకాశాన్నంటింది. ఎన్‌క్రుమా ప్రభుత్వం మాత్రం 60 పౌన్ల బస్తాకు 72 షిల్లింగులని నాలుగేళ్లకు ధర కట్టేసింది. అది ప్రపంచ ధరలో సగం కూడా కాదు. మిగులుతో బడులు, రోడ్లు, రేవులు కట్టాలన్నది ఆయన వాదన. వాదనలో బలముంది. కానీ ఆ బరువంతా ఒక్క కోకో రైతు భుజానే పడింది. అశాంతి ప్రాంత రైతులు ఎదురుతిరిగారు. వాళ్ల కోపాన్ని అక్కడి పెత్తందార్లు తమ రాజకీయాలకు వాడుకున్నారు. ప్రత్యర్థులను విచారణ లేకుండా జైల్లో పెట్టే 1958 నాటి చట్టాన్నీ మేము సమర్థించలేం.

అయితే ఆయన్ని దెబ్బతీసింది ప్రధానంగా బయటి మార్కెట్టే. ఘనాలో పంట పదేళ్లలో రెట్టింపుకు మించింది. 1964-65లో అయిదు లక్షల టన్నులు దాటింది. ధర చూడబోతే 1954లో టన్ను 400 పౌండ్లు దాటినది కాస్తా 1965లో వందలోపుకు పడిపోయింది. నైజీరియా, బ్రెజిల్ వగైరా దేశాలతో కలిసి అమ్మకాలు ఆపి చూశారు. కొనేవాళ్ల గోదాముల్లో సరుకు దండిగా ఉంది. అమ్మేవాళ్లకు రోజు గడవాలి. కొద్ది నెలల్లోనే ఆ కట్టు వీగిపోయింది. చాక్లెట్టు మనమే చేసి అమ్ముదామంటే పచ్చి గింజ మీద కంటే తయారీ సరుకు మీద ధనిక దేశాలు సుంకం ఎక్కువేసేవి. ధర వచ్చేదాకా గింజ నిలవబెట్టుకోవాలని తేమా రేవులో భారీ గిడ్డంగులు కట్టడం మొదలెట్టారు.

1966 ఫిబ్రవరి 24న, ఆయన హనోయి ప్రయాణంలో ఉండగా సైన్యం గద్దె దించింది. ఆ తర్వాత కోకో ధర మళ్లీ లేవసాగింది. ఆయన గినీలో తలదాచుకుని, 1972 ఏప్రిల్ 27న బుఖారెస్టులో క్యాన్సర్‌తో కన్నుమూశారు.