నోకోనా వదలని కూతురు

టెక్సాస్‌లో డాలస్‌కు వాయవ్యంగా సుమారు వంద మైళ్ల దూరంలో నోకోనా అనే చిన్న ఊరు ఉంది. కొమాంచీ తెగ నాయకుడు పీటా నోకోనా పేరే ఆ ఊరికి పెట్టారు. 1925లో అక్కడి నుంచి ఒక బూట్ల కంపెనీ ఫోర్ట్ వర్త్ నగరానికి తరలిపోయింది. దాని యజమానులు ముగ్గురు సోదరులు. వాళ్ల తోబుట్టువు ఎనిడ్ జస్టిన్ మాత్రం కదలనంది. ఐదు వేల డాలర్లు అప్పు చేసి, తనతో ఉండిపోయిన కొద్దిమంది పనివాళ్లతో అదే ఊళ్లో ‘నోకోనా బూట్ కంపెనీ’ పెట్టింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు.

ఈ పట్టుదల అర్థం కావాలంటే తండ్రి దగ్గర మొదలుపెట్టాలి. హెర్మన్ జోసెఫ్ జస్టిన్ ఇండియానా నుంచి టెక్సాస్ వచ్చి, 1879లో రెడ్ రివర్ ఒడ్డున స్పానిష్ ఫోర్ట్‌లో చిన్న దుకాణం తెరిచాడు. టెక్సాస్ పశువుల మందలను కాన్సస్ రైల్వే స్టేషన్ల దాకా తోలుకెళ్లే చిషోమ్ బాట అటుగానే పోయేది. కౌబాయ్‌లు వెళ్తూ కొలతలిచ్చి, తిరిగొస్తూ బూట్లు తీసుకునేవారు. 1889లో రైలు మార్గం వెంట ఆయన నోకోనాకు మారాడు. కొలతలు ఇంట్లోనే తీసుకుని పంపేలా ఆయనా, భార్య ఆనీ ఒక పద్ధతి తయారుచేయడంతో, దుకాణం గడప తొక్కనివాళ్లు కూడా టపాలో బూట్లు తెప్పించుకోగలిగారు.

సినిమాల్లో అలంకారంలా కనిపిస్తుంది గానీ కౌబాయ్ బూటులో ప్రతి వంపూ పని కోసమే పుట్టింది. ముందు భాగం సన్నగా ఉంటే పాదం రికాబులోకి తేలిగ్గా దూరుతుంది. ఎత్తు మడమ ఆ పాదాన్ని రికాబు దాటి ముందుకు జారిపోనివ్వదు. లేసులుండవు, గుర్రం మీది నుంచి పడ్డప్పుడు కాలు రికాబులో చిక్కుకుంటే బూటు వదిలేసి మనిషి బయటపడాలి. పిక్కల దాకా వచ్చే పొడవాటి తోలు ముళ్లపొదల నుంచి కాపాడుతుంది. దాని మీది కుట్టు వరసలు అందానికి మాత్రమే కాదు, తోలు ముడతలు పడి వాలిపోకుండా నిలబెడతాయి.

1894లో పుట్టిన ఎనిడ్‌కు ఈ పని చిన్నప్పుడే పట్టుబడింది. ఇంట్లో సోదరుడి పుట్టినరోజు వేడుకలో ఆదివారం పూట నాట్యం చేసిందని బడివాళ్లు ఆమెను సస్పెండ్ చేశారు. ఆమె మళ్లీ బడి ముఖం చూడలేదు. నేరుగా తండ్రి ఫ్యాక్టరీకి వెళ్లి బూటు పైభాగాలు కుట్టడంలో కుదురుకుంది. ఆ తర్వాత కొద్దికాలానికే కంపెనీ పేరు ‘హెచ్.జె. జస్టిన్ అండ్ సన్స్’గా మారింది. మిషన్ ముందు కూర్చున్న కూతురికి ఆ పేరులో చోటు లేదు.

1918లో తండ్రి చనిపోయాడు. పెద్ద నగరంలో రైళ్లు, బ్యాంకులు, పనివాళ్లు దొరుకుతారన్నది సోదరుల లెక్క. వ్యాపారంగా చూస్తే అది తప్పని చెప్పలేం. నాన్న ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉండాలనుకున్నాడన్నది ఎనిడ్ వాదన.

తొలి ఏళ్లు కష్టంగా గడిచాయి. మగవాళ్లు తొడిగే బూట్లను ఆడమనిషి నడిపే కంపెనీ ఏం చేస్తుందని కొనేవాళ్లకు అనుమానం. ఆమె ఇంట్లో గదులు అద్దెకిచ్చింది, బొగ్గు అమ్మింది, వాషింగ్ మెషీన్లు అమ్మింది. కారులో పశ్చిమ టెక్సాస్ అంతా తిరిగి దుకాణాలవాళ్లకు బూట్లు చూపించింది. ఉత్తర టెక్సాస్ చమురు బావుల్లో పనిచేసేవాళ్లకు గట్టి బూట్లు కావలసి రావడం కలిసొచ్చింది. ఇంటి వైపు మాత్రం కాలం అంత దయ చూపలేదు. ఒక్కగానొక్క కూతురు పసితనంలోనే పోయింది. రెండు పెళ్లిళ్లూ విడాకులతో ముగిశాయి. ఊరికి ఆమె చివరిదాకా ‘మిస్ ఎనిడ్’.

ప్రచారం ఎలా చేయాలో కూడా ఆమెకు బాగా తెలుసు. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతుంటే, నోకోనా నుంచి అక్కడిదాకా గుర్రాల పందెం పెట్టించింది. పాతకాలపు పోనీ ఎక్స్‌ప్రెస్ తపాలా రౌతుల పేరు మీద జరిగిన ఆ పందెంలో గెలిచిన షానన్ డేవిడ్‌సన్ అనే టెక్సాస్ యువకుడికి 750 డాలర్ల బహుమతి దక్కింది. బహుమతి కంటే ఎన్నో రెట్ల ప్రచారం నోకోనా బూట్లకు దక్కి ఉంటుంది.

అర్ధశతాబ్దానికి పైగా అక్కడ జస్టిన్, ఇక్కడ నోకోనా, ఒకే ఇంటి రెండు బూట్లు ఒకే గిరాకీ కోసం పోటీపడ్డాయి. 1981లో, ఎనిడ్ ఎనభై దాటిన వయసులో, ఆమె కంపెనీ జస్టిన్ ఇండస్ట్రీస్‌లో కలిసిపోయింది. దాని అధిపతి జాన్ జస్టిన్ జూనియర్, 1925లో ఊరు వదిలిన సోదరుల్లో ఒకరి కొడుకు. ఎనిడ్ 1990 అక్టోబర్‌లో కన్నుమూసింది.

1999లో నోకోనాలోని ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి ఏడాది జస్టిన్ ఇండస్ట్రీస్‌ను వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ హాథవే కొనేసింది. బూట్ల మీద ఆ ఊరి పేరు మాత్రం ఉండిపోయింది.